సర్వే చిత్తు పుస్తకాల్లో మిగిలిన పేర్లు

తూర్పు చాళుక్యుల రాగిరేకులు చదివేవారికి ఒకచోట భాష మారిపోవడం కనిపిస్తుంది. రాజవంశ వర్ణన, దానం పుచ్చుకున్నవారి గోత్రం, దానఫలం ఇవన్నీ సంస్కృతంలో నడుస్తాయి. ఇచ్చిన ఊరికో పొలానికో ఎల్లలు చెప్పాల్సిన చోటికి వచ్చేసరికి సమాసాలు సడలిపోయి చెరువులు, గుంటలు, పుట్టలు, చింతచెట్లు తెలుగు పేర్లతోనే వచ్చి కూర్చుంటాయి. ఇంచుమించు అదే కాలంలో ఇంగ్లండులో ఆంగ్లో-సాక్సన్ రాజులు రాయించిన భూదాన పత్రాలదీ ఇదే తీరు. దానం సంగతి లాటిన్‌లో ఉంటుంది, హద్దులు మాత్రం అప్పటి జనం మాట్లాడిన ఇంగ్లీషులో ఉంటాయి. మొదట ఈ ముళ్లచెట్టు నుంచి, అక్కడినుంచి ఆ కాలువ వెంట అంటూ, రాసినవాడు పొలిమేర చుట్టూ నడుస్తున్నట్టే వాక్యం సాగుతుంది.

ఒకరి సంగతి ఒకరికి తెలియని ఈ రెండు దేశాల లేఖకులూ ఒకే దారి పట్టడానికి కారణం ఊహించడం కష్టం కాదు. రేపు తగాదా వస్తే పొలిమేర మీద నిలబడి సాక్ష్యం చెప్పేది పశువులు కాసేవాడు, పొలం దున్నేవాడు. ఎర్రగుంటను సంస్కృతంలోకి మార్చి చెక్కిస్తే అది ఏ గుంటో వాళ్లకు తెలియదు. పండితుడికి ఇష్టం ఉన్నా లేకపోయినా అక్కడ రైతు మాటకు చోటివ్వక తప్పలేదు.

చెట్టునూ పుట్టనూ నమ్ముకున్న హద్దు ఎంతకాలం నిలుస్తుందన్న అనుమానం సహజమే. అయితే అప్పట్లో ఆ గుర్తులకు ఉన్న పలుకుబడి చిన్నది కాదు. ఇంగ్లండు చరిత్రను మలుపు తిప్పిన 1066 నాటి హేస్టింగ్స్ యుద్ధాన్ని, అక్కడి ప్రాచీన వృత్తాంతపు ప్రతుల్లో ఒకటి, నెరిసిన ఆపిల్ చెట్టు దగ్గర జరిగిందని చెబుతుంది. ఊరి పేరు చెప్పదు. నాచు పట్టి తెల్లబడ్డ ఆ చెట్టు చుట్టుపక్కల అందరికీ తెలిసిన గుర్తు అయి ఉండాలి.

కొలత సాధనాలు మెరుగుపడిన కొద్దీ ఇలాంటి గుర్తుల అవసరం తగ్గుతూ వచ్చింది. కొలిచే గొలుసు, కోణం చూపే యంత్రం, కాగితం మీద స్కేలు వచ్చాక హద్దును పేర్లతో కాకుండా అంకెలతో చెప్పడం సాధ్యమైంది. అక్కడినుంచి ఏ సర్వే అయినా తన పనికి పనికొచ్చినంత మేరకే పేర్లు రాసుకుంది. శిస్తు కోసం చేసిన సర్వేకు శిస్తు తెచ్చే వాటి పేర్లు కావాలి, సైన్యం కోసం చేసినదానికి దారులూ కొండలూ కావాలి. మిగతావి ముద్రించిన పటం దాకా రాలేదు. వచ్చినంత మేరకు చిత్తు పుస్తకాల్లో, పటం అంచుల్లో, సర్వేయరు పైఅధికారికి రాసిన ఉత్తరాల్లో ఆగిపోయాయి. పల్లెల పాత పేర్లు వెతికేవారు అచ్చయిన పటాన్ని చూసి ఊరుకుంటే సగం పోగొట్టుకున్నట్టే.

ఈ మాటకు ఐర్లండుకు మించిన ఉదాహరణ దొరకదు. 1655, 1656 సంవత్సరాల్లో విలియం పెట్టీ ఆధ్వర్యంలో అక్కడ భూములు కొలిచారు. ఓడిపోయిన వారి భూములను గెలిచినవారికి పంచడం దాని ఉద్దేశం. ఐరిష్ రాని వారు ఐరిష్ ఊళ్ల పేర్లను తమ చెవికి తోచినట్టు రాసుకుపోయారు. తిరిగి 1824లో థామస్ కోల్బీ నాయకత్వంలో, బ్రిటిష్ ప్రభుత్వ పటాల శాఖ అయిన ఆర్డ్‌నెన్స్ సర్వే అక్కడ కొలతలు మొదలుపెట్టినప్పుడు పని మరీ పెద్దది. మైలుకు ఆరంగుళాల స్కేలు మీద దేశమంతా గీయాలి. స్థానిక పన్ను సరిగా వేయాలంటే టౌన్‌లాండ్ అనే చిన్న భూభాగాల హద్దులు, పేర్లు తేలాలి. అవి 60 వేలకు పైనే. ఒక్కోదానికి పాత దస్తావేజుల్లో నాలుగైదు రకాల వర్ణక్రమాలు.

ఇక్కడ సర్వేవాళ్లు చేసిన మంచి పని ఏమిటంటే, పేరు ఖాయం చేయడానికి విడిగా ఒక పుస్తకం పెట్టారు. పేర్ల పుస్తకం అనే పిలిచేవారు. అందులో ఒక వరుసలో వాడుకలో ఉన్న పేరు, పక్కనే వేర్వేరు దస్తావేజుల్లో దొరికిన వర్ణక్రమాలు, ఒక్కోదానికి ఆధారం ఎవరు లేదా ఏది అన్నది, ఆ చోటు ఎక్కడుందో, ఎలా ఉందో రెండు ముక్కలు. చూడటానికి మామూలు పట్టికే. కానీ 'ఆధారం' అన్న ఆ ఒక్క గడి వల్ల, పటం మీద ఎక్కిన పేరు వెనుక ఎన్ని పేర్లు ఓడిపోయాయో ఈనాటికీ లెక్క తేల్చవచ్చు.

1830లో జాన్ ఓడొనొవాన్ ఈ పనిలో చేరాడు. ఐరిష్ అతని మాతృభాష, పాత రాతప్రతులు చదవగల పండితుడు. ఊరూరా తిరిగి ముసలివాళ్ల చేత ఆ చోటు పేరు పలికించుకుని వినేవాడు. ఎందుకంత శ్రమ అంటే, ఇంగ్లీషులో 'కిల్' అని మొదలయ్యే పేర్లను చూస్తే చాలు. ఐరిష్‌లో చర్చికి ఒక మాట, అడవికి ఇంకొక మాట. రెండూ ఇంగ్లీషు రాతలోకి వచ్చేసరికి చాలాచోట్ల 'కిల్' అయిపోయాయి. కిల్డేర్ అంటే ఓక్ చెట్టు చర్చి అని తెలుసు గనుక ఇబ్బంది లేదు. ఏ ప్రసిద్ధీ లేని ఒక చిన్న టౌన్‌లాండ్ పేరు అలా మొదలైతే అక్కడ ఒకప్పుడు పూజారి ఉండేవాడో, నరికేసిన అడవి ఉండేదో కాగితం చెప్పలేదు. అచ్చు పలికే తీరులో తేడా వినగలిగిన చెవి మాత్రమే చెప్పగలదు. ఓడొనొవాన్ తన నిర్ధారణను ఆ పేర్ల పుస్తకంలో పెన్సిలుతో ఐరిష్‌లో రాసిపెట్టేవాడు. పై కార్యాలయం నడిపిన థామస్ లార్కమ్ అతని దగ్గరే ఐరిష్ నేర్చుకున్నాడు.

ముద్రించిన పటం మీద మాత్రం ఇంగ్లీషు ఉచ్చారణకు ఒదిగే రూపమే ఎక్కింది. పాలకులు ఒక జాతి పేర్లను చెరిపేశారని ఈ సర్వేను తిట్టిపోయడానికి ఇది చాలినంత కారణం. ఆ నింద అబద్ధం కాదు. కానీ అదే సర్వే ఆ పేర్ల అసలు రూపాన్ని అంతకు ముందెవరూ చేయనంత శ్రద్ధగా పోగుచేసి దాచింది కూడా. 1946లో ఐర్లండు ప్రభుత్వం ఊరి పేర్ల ఐరిష్ రూపాలు తేల్చడానికి ఒక సంఘాన్ని వేసింది. అలాంటి పనికి పూనుకున్నవారికి ఆ పెన్సిలు రాతలు పెద్ద ఆసరా. చాలాచోట్ల అప్పటికే ఆ భాష మాట్లాడేవారు లేరు, అడిగి తెలుసుకునే వీలు లేదు.

అడగడం అన్నాక, ఎవరిని అడగాలన్నది వస్తుంది. బ్రిటన్‌లో 20వ శతాబ్దం మొదట్లో ఆర్డ్‌నెన్స్ సర్వే తన సిబ్బందికి ఇచ్చిన సూచనల్లో దీనికి ఒక వరుస ఉంది. ముందు భూస్వామి, తర్వాత ఎస్టేటు వ్యవహారాలు చూసే వ్యక్తి, ఆపైన మతగురువు, పోస్టుమాస్టరు, బడిపంతులు వంటివారు. చిన్న రైతులను, గుడిసెల్లో ఉండేవారిని, వాళ్లు ఉంటున్న చోటు పేరు విషయంలో సైతం నమ్మవద్దని, ముఖ్యంగా వర్ణక్రమం గురించి నమ్మవద్దని అందులో ఉంది. వర్ణక్రమం మాట సరే. కానీ పొలం మూలన ఉన్న మడుగుకు పేరు పెట్టుకుని రోజూ పిలిచేది ఎవరు? భూస్వామి ఆ మడుగును జీవితంలో ఒకసారి చూసి ఉంటే గొప్ప. వెయ్యేళ్ల కిందటి భూదాన పత్రం ఎవరి మాటకు కట్టుబడిందో, ఈ సూచన సరిగ్గా ఆ మనిషినే పక్కన పెట్టింది.

తెలుగు నేల మీద దీనికి భిన్నంగా జరిగిన ఒక ప్రయత్నం ఉంది. టిప్పు సుల్తాను పతనం తర్వాత మైసూరు సర్వేకు నాయకత్వం వహించిన కోలిన్ మెకంజీ 1810లో మద్రాసుకు, 1815లో భారతదేశానికి సర్వేయర్ జనరల్ అయ్యాడు. అతనికి గొలుసు కొలతలతో తృప్తి లేదు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు, వారి కింద పనిచేసిన గుమాస్తాలు ఊళ్లు తిరిగి కరణాల దగ్గర ఉన్న దండకవిలెలు, అంటే ఊరి లెక్కలూ పాత సంగతులూ రాసుకున్న పుస్తకాలు చూసి, పెద్దలను అడిగి వివరాలు రాసి పంపేవారు. అలా పుట్టినవే కైఫీయతులు. ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, ఎవరు కట్టించారు, గుళ్లు ఎన్ని, చెరువులు ఏమిటి, పొలిమేరలు ఎక్కడ, మాన్యాలు ఎవరివి అన్నవి వాటిలో ఉంటాయి. 1821లో మెకంజీ చనిపోయేనాటికి పోగైన శాసనాల నకళ్లే 8 వేలు దాటాయి.

కైఫీయతులను చదవడానికి కొంచెం మెలకువ కావాలి. ఊరి పేరు పుట్టుక గురించి అవి చెప్పే కథల్లో రాముడో పాండవులో ఆ దారిన రావడం మామూలు. సరళంగా ఉన్న తెలుగు పేరుకు సంస్కృత మూలం అంటగట్టే ఉబలాటం కూడా తరచూ కనిపిస్తుంది. ఉదాహరణకు 'పాడు' అని ముగిసే పేర్లలో ఆ మాటకు ఊరు అని అర్థం. ఆ అర్థం వాడుకలోంచి జారిపోయాక ఊరి పేరులో చెడు ఎందుకుందని సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. అందుకని పేరు వెనుక కథను కథగానే తీసుకుని, పొలిమేర వివరాలనూ చెరువుల మాన్యాల జాబితానూ నిదానంగా చూడాలి. కథ చెప్పేటప్పుడు ఊరి పెద్దలకు ఊరి గొప్ప గుర్తుంటుంది. ఏ చెరువు ఎవరి మాన్యానికి ఆనుకుని ఉందో చెప్పేటప్పుడు మాత్రం పక్కవాడు వింటున్నాడన్న జాగ్రత్త ఉంటుంది.

మెకంజీ మనుషులకు ఉన్న ఇంకొక సౌకర్యం, విన్నదాన్ని తెలుగు లిపిలో రాయడం. తర్వాతి సర్వేల్లో ఇంగ్లీషు రాత ప్రధానమైంది. రోమను లిపిలో ట, త రెండింటికీ ఒకే అక్షరం. డ, ద కూడా అంతే. హ్రస్వం, దీర్ఘం తేడా లేదు. ఇక పాడు, పాదు, పడు మూడూ ఒకే రాత. 1870ల నుంచి విలియం హంటర్ పద్ధతి అని ఒక క్రమం అమల్లోకి వచ్చింది, గుర్తులు పెడితే ఈ తేడాలు చూపవచ్చు. పటాల మీద, పట్టికల్లో ఆ గుర్తులు పెట్టే ఓపిక ఎవరికి ఉంటుంది? అసలు చిక్కు ఆ ఇంగ్లీషు పేరును మళ్లీ తెలుగులోకి తెచ్చినప్పుడు మొదలవుతుంది. ఊరిని ఎన్నడూ చూడని గుమాస్తా, ఇప్పుడైతే కంప్యూటరు, ఆ అక్షరాలను చూసి తనకు తోచిన తెలుగు రాస్తారు. కోటలు కోతలవుతాయి, పాడులు పాదులవుతాయి. దారి పక్క పలకల మీద కనిపించే వింత పేర్లలో కొన్ని ఇలా రెండుసార్లు నది దాటి వచ్చినవే.

మద్రాసు రాజధానిలో పేర్లను మరీ పలచన చేసింది సర్వే నంబరు. థామస్ మన్రో 19వ శతాబ్దం తొలి ఏళ్లలో దత్తమండలాల్లో పొలం పొలం కొలిపించాడు. 1858లో ప్రత్యేకంగా సర్వే శాఖ ఏర్పడ్డాక మైలుకు 16 అంగుళాల స్కేలుతో గ్రామ పటాలు వచ్చాయి. అంటే పటం మీద అంగుళం, నేల మీద 330 అడుగులు. కొలత గొలుసు పొడవు 66 అడుగులు, దానికి 100 లింకులు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు, వంద సెంట్లు ఎకరం. నేటికీ భూమిని సెంట్లలో చెప్పుకోవడం ఆ గొలుసు పుణ్యమే.

ఆ సర్వే మిగిల్చిన కాగితాల్లో కొలతల పుస్తకం, అందరూ ఎఫ్ఎంబీ అనేది, ఒకసారి దగ్గరగా చూడదగింది. ఒక్కో సర్వే నంబరుకు ఒక పటం. గట్టు మలుపు తిరిగిన చోట ఒక చుక్క, దానికో గుర్తు. పొలం మధ్యగా ఒక మూల నుంచి ఇంకో మూలకు గీత, ఆ గీత నుంచి పక్కలకు అడ్డ కొలతలు. చుట్టూ ఆనుకుని ఉన్న పొలాల నంబర్లు. బావి ఉంటే దాని గుర్తు ఉంటుంది. ఇంతే. ఆ కాగితం చేత పట్టుకుని వందేళ్ల తర్వాత సైతం చెరిగిపోయిన గట్టును దాదాపు అదే చోట మళ్లీ గీయవచ్చు. కానీ ఊళ్లో దాన్ని తూముకింది మడి అంటారో, చింతల చేను అంటారో, పాటిచేను అంటారో అందులో ఎక్కడా ఉండదు.

దీనికి సర్వేయరును తప్పుపట్టడం న్యాయం కాదు. పేరు మీద తగాదా పడవచ్చు, నంబరు మీద పడటం కష్టం. ఒకే ఊళ్లో నాలుగు 'దిబ్బచేలు' ఉంటే ఏది ఎవరిదో బలవంతుడి నోటి మాటగా ఉన్న రోజుల్లో, నంబరు బలహీనుడికే ఎక్కువ అక్కరకొచ్చింది. అయితే నంబరు పక్కన పేరు కూడా రాస్తే పోయేదేమీ లేదని ఇంగ్లండు అనుభవం చెబుతుంది. అక్కడ 1836 నాటి చట్టం ప్రకారం చర్చికి చెల్లించే దశాంశాన్ని నగదుగా మార్చడానికి పటాలు గీశారు. వాటి జాబితాల్లో పొలం నంబరు, యజమాని, సాగుదారు, విస్తీర్ణంతో పాటు పొలం పేరుకు ఒక గడి ఉంది. ఆ ఒక్క గడి పుణ్యాన ఇంగ్లండు, వేల్సులలో చాలా గ్రామాల పొలాల పేర్లు దాదాపు పూర్తిగా దక్కాయి. నక్కల పొద, సున్నపు బట్టీ, ఉరికంబం వంటి మాటలున్న పేర్ల వెంట పోయి అక్కడి పరిశోధకులు లేకుండాపోయిన పనులనూ కట్టడాలనూ వెతుకుతుంటారు.

మద్రాసు లెక్కల్లో పేర్లు బొత్తిగా లేవనడానికి వీల్లేదు. నీటికి ఉన్నాయి. మాగాణి శిస్తు ఆ భూమికి పారే నీటి వనరును బట్టి మారేది. ఏ చెరువు ఏటా నిండుతుంది, ఏది మూడేళ్లకోసారి నిండుతుంది అన్నదాన్ని బట్టి వనరులకు తరగతులు కట్టారు. అందుచేత సెటిల్మెంటు రిజిస్టర్లలో చెరువుల, కాలువల పేర్లు తప్పనిసరిగా ఎక్కాయి. పన్ను తెచ్చే నీటికి పేరు, వానమీద బతికే మెట్ట చేనుకు ఉత్త అంకె. ఏ పేరు మిగిలింది, ఏది పోయింది అన్నదానికి ఇంతకంటే సూటైన సూత్రం అక్కర్లేదు.

పోయిన పేర్లు కొన్ని ఇంకొక తలుపులోంచి లోపలికి వచ్చాయి. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం 21వ సెక్షను, పట్టణాల ఇళ్లను మినహాయించి మిగతా ఇళ్లను, భూములను దస్తావేజులో ఎలా వర్ణించాలో చెబుతుంది. ముందుగా వాటికి పేరుంటే ఆ పేరు. తర్వాత ఏ ప్రాంతంలో ఉన్నాయో, విస్తీర్ణం ఎంతో, ఆనుకుని ఉన్న దారులు, ఆస్తులు ఏమిటో, ఎవరి స్వాధీనంలో ఉన్నాయో రాయాలి. ప్రభుత్వ సర్వే పటం ప్రస్తావన వీలైన చోట, చిట్టచివర. అమ్మకం దస్తావేజుల చెక్కుబందీలో తూర్పున ఫలానా వారి చేను, దక్షిణాన డొంక, పడమర వాగు, ఉత్తరాన గుడిమాన్యం అని రాయడం ఈ చట్టానికి ఎంతో ముందునుంచీ ఉన్న అలవాటు. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు న్యాయస్థానాలు సాధారణంగా హద్దులవైపే మొగ్గుతాయి. అందుకే దస్తావేజు రాసేవాడు ఆ నాలుగు దిక్కుల దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. ఊళ్ల పాత గుర్తుల కోసం వెతికేవారికి పట్టాల కంటే ఈ చెక్కుబందీలే పెద్ద గని.

నేల రూపాలను గుర్తులుగా మార్చడంలో జరిగిన నష్టం ఇంకొక రకం. వాగు, వంక, ఒర్రె, ఏరు అన్నవాటి తేడా పక్కనే బతికేవారికి తెలుసు. ఏది ఎండాకాలం ఒట్టిపోతుందో, ఏది వాన కురిసిన గంటలో పొంగుతుందో ఆ మాటలోనే ఉంటుంది. పటానికి అవన్నీ నీలిగీతలు. మిట్ట, దిన్నె, దిబ్బ, తిప్ప, గుట్ట అన్నీ ఎత్తు చూపే వంకర గీతలే. 'పాటి' అన్న మాట మరీ విలువైనది. ఒకప్పుడు జనం కాపురమున్న చోటును అలా అంటారు. అక్కడి పాటిమన్ను పొలాలకు బలమని బండ్ల మీద తోలుకునేవారు. ఆ మట్టితోపాటు పాత పెంకులు, పూసలు కూడా పొలాలకు చేరాయి. ఒక చేనుకు పాటిచేను అన్న పేరు ఊరివాళ్ల నోట మిగిలి ఉంటే, పురావస్తు పరిశోధకుడికి తవ్వకుండానే సగం పని అయినట్టు.

అంకెలనే పూర్తిగా నమ్ముకున్న అమెరికాలోనూ చిత్తు పుస్తకమే చివరికి అక్కరకొచ్చింది. 1785 చట్టంతో అక్కడి భూమిని పేర్లతో నిమిత్తం లేకుండా ఆరు మైళ్ల చదరాలుగా, ఒక్కో చదరాన్ని 36 ముక్కలుగా కోశారు. అక్కడ అంతకుముందునుంచీ ఉన్నవారు ఆ కొండలను, ఏళ్లను ఏమని పిలిచేవారో ఆ పద్ధతికి అనవసరం. కానీ చదరం మూల ఎక్కడో తేల్చడానికి దగ్గరలోని చెట్లను సాక్షులుగా పెట్టుకోవాలి. ఏ జాతి చెట్టు, ఎంత లావు, మూల నుంచి ఏ దిక్కున ఎన్ని లింకుల దూరం అని సర్వేయరు రాసుకునేవాడు. నేల బురదో, గడ్డిమైదానమో కూడా ఒక వాక్యం. హద్దు నిలబెట్టడానికే రాసిన ఆ వివరాలను పోగుచేసి, నాగలి దిగక ముందు అక్కడ ఏ అడవి ఉండేదో నేటి పర్యావరణ శాస్త్రవేత్తలు పటాలు గీస్తున్నారు. రాసినవాడికి తాను అడవి చరిత్ర రాస్తున్నానన్న ఊహ కూడా ఉండదు.

తెలంగాణ రెవెన్యూ కాగితాల్లో బేచిరాక్ గ్రామం అనే మాట ఒకటి ఉంది. పారశీకంలో చిరాగ్ అంటే దీపం, బేచిరాగ్ అంటే దీపం లేనిది. ఊరివాళ్లు ఎప్పుడో కరువుకో రోగానికో దోపిడీకో లేచిపోయారు, ఇళ్లు పడిపోయాయి, దీపం పెట్టే మనిషి లేడు. రికార్డులో మాత్రం ఆ ఊరికి పేరుంది, పొలిమేర ఉంది, వరుసగా సర్వే నంబర్లు ఉన్నాయి. పక్క ఊళ్ల రైతులు ఆ నంబర్లలో సాగు చేసుకుంటారు. పహాణీ నకలు తీసుకున్నప్పుడల్లా గ్రామం అన్న గడిలో ఆ ఊరి పేరే పడుతుంది.